అప్‌డేట్: క్లిప్ ప్లస్‌లో రాక్‌బాక్స్ ఎర్రర్ పోయింది

నా శాన్‌డిస్క్ క్లిప్ ప్లస్ మ్యూజిక్ ప్లేయర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి బదులుగా రాక్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. దాన్ని ఎక్కించే ప్రోగ్రామ్ రాక్‌బాక్స్ యుటిలిటీతో అప్‌డేట్ చెయ్యబోతే నెట్‌వర్క్ ఎర్రర్, తీసేద్దామంటే కంప్యూటర్‌లో ప్లేయరే కనపడట్లేదు అని ఇంతకుముందు అడిగాను. రెండూ వేర్వేరు గొడవలని తేలింది.

ల్యాప్‌టాప్ మా బావది. యుటిలిటీ కాన్ఫిగరేషన్‌లో వాళ్ల ఆఫీసు ప్రాక్సీ (ఆఫీసు నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్‌కి మధ్యలో ఉండే సర్వర్) తిష్ఠ వేసుకుని ఉంది. ఇక్కడ పర్లాకిమిడిలో మా ఇంట్లో నడిచేది ఫోన్ హాట్‌స్పాట్, దానికి ఆ ప్రాక్సీ ఎక్కడ దొరుకుతుంది? 'నో ప్రాక్సీ' పెట్టగానే డౌన్‌లోడ్ మొదలైంది. సిగ్నల్ ఊగిసలాడేవాళ్లు జిప్ ఫైలు విడిగా దించుకుని ప్లేయర్ రూట్‌లో (ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా నేరుగా డ్రైవ్‌లో) ఎక్‌స్ట్రాక్ట్ చేసుకోవడమే మేలు.

ప్లేయర్ కనపడకపోవడం యూఎస్‌బీ మోడ్ వల్ల. ఎడమ బటన్ నొక్కిపట్టి ఆన్ చేస్తే కంపెనీ ఫర్మ్‌వేర్ (ప్లేయర్‌తో వచ్చిన అసలు సాఫ్ట్‌వేర్) వస్తుంది. అందులో యూఎస్‌బీ సెట్టింగ్‌లో ఎంటీపీ (మీడియా ప్లేయర్‌గా కనెక్ట్ అయ్యే మోడ్) తీసి ఎంఎస్‌సీ (పెన్‌డ్రైవ్‌లా కనెక్ట్ అయ్యే మోడ్) పెట్టాను, డ్రైవ్ వచ్చేసింది.

తీసేసేవాళ్లకి ఒక మాట: చుక్కతో మొదలయ్యే రాక్‌బాక్స్ ఫోల్డర్ డిలీట్ చేసినా బూట్‌లోడర్ (ఆన్ చెయ్యగానే రాక్‌బాక్స్‌ని మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) పోదు, కంపెనీ ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించాలి. నేనైతే ఉంచేశాను.