డ్యూటీ పిస్టల్‌కి సేఫ్టీ లివర్ ఉండాలా, అక్కర్లేదా? ఇంకా ఏమేం చూసుకోవాలి?

కొత్తడ్యూటీ:
అందరికీ నమస్కారం. మా దగ్గర ఈసారి డ్యూటీ పిస్టల్ ఎవరిది వాళ్ళే ఎంచుకోవచ్చన్నారు. 9 ఎంఎం అయితే చాలు, మిగతాదంతా మా ఇష్టం. చేతిలో పట్టుకుని చూస్తే అన్నీ బాగానే ఉన్నాయి, అదే అసలు టెన్షన్. విడిగా సేఫ్టీ లివర్, అంటే ట్రిగ్గర్ నొక్కినా పేలకుండా ఆపే మీట, ఉన్నది తీసుకోవాలా? లైటు బిగించుకోవాలా? గురి చూసుకోవడానికి చీకట్లో వెలిగే నైట్ సైట్లు సరిపోతాయా, అద్దంలో ఎర్ర చుక్క కనిపించే రెడ్ డాట్‌కి వెళ్ళాలా? మ్యాగజైన్‌లో 15 రౌండ్లకీ 17కీ పెద్ద తేడా ఉంటుందా? రోజంతా నడుముకి ఉండేది కాబట్టి బరువు సంగతి కూడా చెప్పండి.

చిన్నచెయ్యి:
ముందు చేతికి సరిపోతుందో లేదో చూడండి, మిగతావన్నీ తర్వాత. శిక్షణలో నాకిచ్చిన పిస్టల్ పిడి ఎంత లావంటే, వేలు ట్రిగ్గర్‌కి అందాలంటే పట్టు పక్కకి తిప్పాల్సి వచ్చేది. అలా తిప్పితే పేలినప్పుడు వచ్చే తన్ను అరచేతి మధ్యలో కాకుండా బొటనవేలి కీలు మీద పడుతుంది. తూటాలన్నీ ఒక పక్కకే పోయేవి. "ట్రిగ్గర్ గుంజుతున్నావమ్మా" అని తిట్లు మాత్రం నాకు. పిడి వెనక పలక మార్చుకునే వీలున్నది ఇచ్చాక అదే నేను, అదే దూరం, దెబ్బలన్నీ మధ్యకొచ్చాయి. గ్లాక్ పిస్టళ్ళలో ఆ వీలు 2010లో వచ్చిన నాలుగో తరం నుంచి ఉంది. తూటా కూర్చునే చాంబర్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని పట్టుకోండి. గొట్టం ముంజేతికి తిన్నగా ఉండగానే చూపుడువేలి చివరి కణుపు మెత్తటి భాగం ట్రిగ్గర్ మీద ఆనాలి. ఆనకపోతే ఎంత పేరున్నదైనా వదిలేయండి.

పాతకాపు:
లివర్ ఉండాలి తమ్ముడూ. ఇందులో రెండో మాట లేదు. పెనుగులాటలో మా వాడి నడుము మీంచి పిస్టల్ లాగేసుకుని వాడి మీదే ట్రిగ్గర్ నొక్కాడు ఒకడు. పేలలేదు. లివర్ ఎక్కడుందో లాక్కున్నవాడికి తెలీదు మరి. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకునే లోపు మేం మీద పడ్డాం. మా వాడికి ఇప్పుడు ఇద్దరు మనవలు. ఇంకేం కావాలి?

రేంజ్‌బాస్:
పాతకాపు గారూ, ఒక్క సంఘటన పట్టుకుని కొత్తవాళ్ళని తప్పుదోవ పట్టించకండి. నేను వేలమందికి పిస్టల్ నేర్పినవాణ్ణి. గుండె దడదడలాడుతున్నప్పుడు చేతివేళ్ళకి సన్నపనులు చేతకావు. లివర్ దించడం మర్చిపోయి, పేలని ట్రిగ్గర్‌ని పిండుతూ నిలబడిపోయినవాళ్ళని రేంజ్‌లోనే చూస్తుంటాను, అక్కడ ఎదురు కాల్చేవాడు కూడా ఉండడు. గ్లాక్ 17ని ఆస్ట్రియా సైన్యం 1982లోనే తీసుకుంది. బయట లివర్ లేదు, లోపల మూడు సేఫ్టీలున్నాయి: ట్రిగ్గర్ మీదొకటి, తూటాని పేల్చే ఫైరింగ్ పిన్‌కొకటి, కింద పడితే పేలకుండా ఒకటి. దాన్ని లాక్కోకుండా చూడాల్సింది హోల్‌స్టర్, అంటే నడుముకి ఉండే పిస్టల్ తొడుగు. పిస్టల్‌ని గట్టిగా పట్టి ఉంచే హోల్‌స్టర్ బెల్టుకి పెట్టుకుంటే మీ కథ మొదలే అయ్యేది కాదు.

పాతకాపు:
అమెరికా సైన్యం 2017లో సిగ్ సావర్ కంపెనీ ఎం17 పిస్టల్ తీసుకుంటూ లివర్ పెట్టించుకుంది. వాళ్ళంతా తెలివితక్కువవాళ్ళా? పైగా అదే సంవత్సరం ఎం17కి మూలమైన, లివర్ లేని పీ320 కింద పడితే పేలుతోందని గొడవయింది. కంపెనీయే ముందుకొచ్చి ట్రిగ్గర్ భాగాలు మార్చి ఇచ్చింది. మీ లోపలి సేఫ్టీల మీద నాకు నమ్మకం లేదు.

రేంజ్‌బాస్:
సైనికుడి చేతిలో రైఫిల్ ఉంటుంది, పిస్టల్ రెండో ఆయుధం. ఆ లెక్క వేరు. ఎఫ్‌బీఐ 2016లో గ్లాక్‌కి కాంట్రాక్టు ఇచ్చింది, దానికి లివర్ లేదు. వాళ్ళ మాటేమిటి?

స్ప్రింగుమేస్త్రీ:
ఆయుధాల మరమ్మతు నా పని, కాబట్టి ఒక మాట. పీ320 పడినప్పుడు పేలిందంటే కారణం ట్రిగ్గర్ ముక్క సొంత బరువు. వెనక భాగం నేలకి తగిలితే బరువైన ట్రిగ్గర్ దాని ఊపుకి అదే వెనక్కి వచ్చేసేది. అందుకే తేలిక ట్రిగ్గర్ వేశారు, లోపల తూటాని కొట్టే స్ట్రైకర్ కూడా మార్చారు. అది డిజైన్ లోపం, లివర్ ఉండాలా వద్దా అన్నదానికి జవాబు కాదు.

ఇక లివర్ ఉన్నా అది ఎక్కడుందన్నది మీ ఇద్దరూ వదిలేశారు. 1911 అనే పాత మోడల్ పిస్టల్లో అది ఫ్రేమ్ మీద, అంటే పిడి ఉండే కింది భాగం మీద ఉంటుంది. పిడి పట్టుకుంటే బొటనవేలు తిన్నగా దాని మీదే కూర్చుంటుంది, కిందికి నొక్కితే కాల్పులకి సిద్ధం. బెరెట్టా 92ఎఫ్ఎస్‌లో స్లైడ్ మీద, అంటే ముందుకీ వెనక్కీ జరిగే పై భాగం మీద ఉంటుంది, దాన్ని పైకి తోయాలి. పూర్తిగా తిరగేసిన పని. జామ్ తీయడానికి స్లైడ్‌ని పైనుంచి గుప్పెటతో పట్టి లాగినప్పుడు అరచేయి తగిలి లివర్ కిందికి జారిపోతుంది. మీరు జామ్ తీశానని గురిపెడతారు, ట్రిగ్గర్ చచ్చిపడి ఉంటుంది. ఆ గొడవ వద్దనుకునేవాళ్ళ కోసమే 92జీ ఉంది. అందులో లివర్ హ్యామర్‌ని, అంటే పిస్టల్ వెనక ఉండే సుత్తిని దించి, వదలగానే మళ్ళీ పైకి వచ్చేస్తుంది.

పాతకాపు:
మేస్త్రీ గారూ, నేను ఫ్రేమ్ మీద ఉన్నదే అన్నాను.

స్ప్రింగుమేస్త్రీ:
అనలేదు. పైకి వెళ్ళి చదువుకోండి.

ఎడంచేయి:
మీకేంటయ్యా, ఫ్రేమా స్లైడా అని కొట్టుకుంటున్నారు. నాకు ఆ లివరే అవతలి పక్క ఉంటుంది! పాత మోడళ్ళలో బటన్లన్నీ కుడిచేతివాళ్ళకే. మ్యాగజైన్ వదలడానికి చూపుడువేలు వాడాలి, స్లైడ్‌ని వెనక్కి ఆపే స్లైడ్ స్టాప్ అయితే అసలు అందదు. గ్లాక్‌లో మ్యాగజైన్ బటన్ పక్క మార్చుకునే వీలు నాలుగో తరంలో వచ్చింది, స్లైడ్ స్టాప్ రెండువైపులా పెట్టింది మాత్రం 2017లో ఐదో తరం వచ్చాకే. అప్పటిదాకా మేం మనుషులం కాదన్నమాట. కొత్తడ్యూటీ, నువ్వు ఎడమచేతివాటమైతే ముందు అది చెప్పు.

బుల్లెట్‌బాబాయ్:
9 ఎంఎం తీసుకుని తర్వాత ఏం చూసుకున్నా దండగే. అంతకన్నా లావు తూటా, 45 క్యాలిబర్ ఒక్కటి తగిలితే లేవడు. మయామిలో 1986లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఇద్దరు ఎఫ్‌బీఐ ఏజెంట్లు పోయారు, ఐదుగురు గాయపడ్డారు. 9 ఎంఎం తూటా దుండగుడి గుండె దాకా వెళ్ళకుండానే ఆగిపోయింది.

రేంజ్‌బాస్:
బాబాయ్, కథ సగంలో ఆపేశారు. దాని తర్వాతే తూటా, పరీక్ష కోసం పెట్టే జెల్లో కనీసం 12 అంగుళాలు వెళ్ళాలి, 18 దాటకూడదు అనే కొలత పెట్టుకున్నారు. ముందు 10 ఎంఎం అన్నారు, 1990లో 40 క్యాలిబర్ వచ్చింది, అందరూ దాని వెనక పరుగెత్తారు. చివరికి తూటాల తయారీ బాగుపడ్డాక ఎఫ్‌బీఐ మళ్ళీ 9 ఎంఎంకే వచ్చింది. తన్ను తక్కువ, రెండో దెబ్బ త్వరగా పడుతుంది, మ్యాగజైన్‌లో ఎక్కువ పడతాయి. ఇవన్నీ నా క్లాసులో మొదటి రోజే చెబుతాను.

బుల్లెట్‌బాబాయ్:
మీ క్లాసు ఎవరడిగారు?

కొత్తడ్యూటీ:
అన్నలూ, 9 ఎంఎం ఖరారైపోయింది. కుడిచేయి. లైటు, సైట్ల సంగతి ఎవరైనా చెబుతారా?

నిశాచరి:
రాత్రి డ్యూటీలు చేసేవాడిగా చెబుతున్నా. లైటు తప్పనిసరి. కానీ పిస్టల్‌కి బిగించిన లైటుతో వెతకడం మొదలుపెట్టావంటే, కనిపించిన ప్రతివాడి మీదా తుపాకి గురిపెట్టినట్టే. తలుపు వెనక ఎవరో ముసలాయన నిలబడి ఉంటాడు, నువ్వు ఆయన మొహం మీదికి పిస్టల్ పెట్టి "ఎవరది" అంటావు. వెతకడానికి చేతి టార్చి విడిగా ఉండాలి. బిగించిన లైటు, తుపాకి తీయక తప్పని క్షణానికి మాత్రమే. ఇంకోటి, లైటు మారిస్తే హోల్‌స్టర్ కూడా మారాలి. పిస్టల్‌కీ ఆ లైటుకీ కలిపి అచ్చుగా చేసింది కావాలి. చాలామంది పిస్టల్ కొన్నాక లైటు, లైటు కొన్నాక హోల్‌స్టర్ వెతుక్కుంటారు. ముందు హోల్‌స్టర్ దొరుకుతుందో లేదో చూడు.

నైట్ సైట్లలో వెలిగేది ట్రిటియం. సుమారు 12 ఏళ్ళకి దాని వెలుగు సగమవుతుంది. స్టోర్‌లో ఏళ్ళ తరబడి పడి ఉన్న పిస్టల్ ఇస్తే లైట్లార్పి చూసి తీసుకో.

పాతకాపు:
హోల్‌స్టర్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. వాన జాకెట్ అంచున తాడు వేలాడుతుంటుంది. పిస్టల్ లోపలికి తోస్తుంటే ఆ తాడు ముడి ట్రిగ్గర్ దగ్గర ఇరుక్కుంటుంది, ఇంకా తోస్తే కాలిలోకి పేలుతుంది. లివర్ వేసి ఉంటే పేలదు. దీనికేమంటారు రేంజ్‌బాస్?

రేంజ్‌బాస్:
చూసుకుని పెట్టాలి అంటాను. తీసేటప్పుడు తొందర, పెట్టేటప్పుడు తొందరేంటి?

నిశాచరి:
ఈ విషయంలో మాత్రం పాతకాపు గారితోనే నేను. తెల్లవారుజామున తడిసి వణుకుతూ, అరెస్టయినవాణ్ణి ఒక చేత్తో పట్టుకుని పెడుతున్నప్పుడు చూసుకోవడం కుదరదు. హ్యామర్ ఉన్న పిస్టల్ అయితే బొటనవేలు దాని మీద పెట్టి తోస్తే, ట్రిగ్గర్ నొక్కుకున్నప్పుడు హ్యామర్ కదలిక చేతికి తెలిసిపోతుంది. గ్లాక్ లాంటి, బయట హ్యామర్ లేని స్ట్రైకర్ పిస్టళ్ళలో ఆ సౌకర్యం లేదు.

రేంజ్‌బాస్:
సరే, అందరూ హ్యామర్ యుగానికి వెళ్ళిపోండి. ట్రిగ్గర్ మొదటి దెబ్బకి ఒక బరువు, రెండో దెబ్బకి ఇంకో బరువు, హాయిగా సాధన చేసుకోండి.

స్ప్రింగుమేస్త్రీ:
బరువంటే గుర్తొచ్చింది. గ్లాక్ మామూలు ట్రిగ్గర్ లాగడానికి రెండున్నర కిలోల బలం అటూఇటూ కావాలి. పొరపాటున పేలుతున్నాయని న్యూయార్క్ పోలీసులు దాన్ని 5 కిలోలు దాటించారు. అంత బరువు లాగితే గురి కదులుతుంది, తూటా పక్కవాడికి తగులుతుంది. పొరపాటుకి మందు బరువు ట్రిగ్గర్ కాదు. విప్పడం కూడా చూసుకోండి: గ్లాక్‌ని శుభ్రం చేయడానికి విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు, చాంబర్ చూడని బద్ధకస్తుడికి అక్కడే ప్రమాదం. స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ అయితే నొక్కకుండానే విప్పొచ్చు.

తరచూ జామ్ అవుతోందని నా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలావరకు పిస్టల్ దోషమే ఉండదు, మ్యాగజైన్ పెదవులు, అంటే తూటాల్ని పట్టి ఉంచే పై అంచులు వంగి ఉంటాయి. మ్యాగజైన్ల మీద నంబర్లు రాసుకోండి. ఏది మొరాయిస్తుందో అప్పుడు తెలుస్తుంది. దాన్ని డ్యూటీకి తీసుకెళ్ళకండి.

కొత్తడ్యూటీ:
రెడ్ డాట్?

ఎడంచేయి:
కళ్ళు మసకబారినవాళ్ళకి వరం, నాకు తెలిసింది అదే. వానలో తెరిచి ఉన్న రకం వద్దు. చుక్క పుట్టే చోట నీటిబొట్టు పడితే చుక్క పువ్వులా విచ్చుకుపోతుంది. మూసి ఉన్నది తీసుకో, ఇనుప సైట్లు కూడా అద్దంలోంచి కనిపించేంత ఎత్తువి వేయించు.

చిన్నచెయ్యి:
ఆఖరి రౌండ్ అయిపోయినా స్లైడ్ వెనక్కి ఆగట్లేదని మొన్న ఒకమ్మాయి పిస్టల్ మరమ్మతుకి ఇచ్చేసింది. పిస్టల్‌కి ఏ రోగమూ లేదు. రెండు బొటనవేళ్ళూ ముందుకి చాచి పట్టుకుంటే పైది స్లైడ్ స్టాప్ మీద కూర్చుని దాన్ని పైకి లేవనివ్వదు. కొత్తడ్యూటీ, ఎంచుకునేటప్పుడు ఖాళీ మ్యాగజైన్ పెట్టి, మీ మామూలు పట్టుతోనే స్లైడ్ లాగించి చూసుకోండి.