ఆర్‌వీ బాత్రూమ్ వాడాలా, తాళం వేసుకోవాలా?

కొత్త క్యాంపర్
అందరికీ నమస్తే. జులైలో సాల్ట్ లేక్ సిటీలో 28 అడుగుల క్లాస్ సి మోటర్‌హోమ్ (పడకలు, వంటగది, బాత్రూమ్ ఉండే ఆర్‌వీ బండి) అద్దెకు తీసుకుని యెల్లోస్టోన్ నేషనల్ పార్క్ వెళ్తున్నాం. మేము, మా తోడల్లుడు గారి కుటుంబం, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్న. పెద్దవాళ్ళం ఆరుగురం, పిల్లలు ఇద్దరు. తోడల్లుడు గారు ఇప్పుడే రూల్ పెట్టేశారు: బండిలో బాత్రూమ్ ఒంటికి మాత్రమే. రెంటికి అయితే క్యాంప్‌గ్రౌండ్‌లోనో గ్యాస్ స్టేషన్‌లోనో చూసుకోవాలి. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి, ఇది మామూలేనా?

మిడ్‌వెస్ట్ మామ
మామూలే. మీ తోడల్లుడు తెలివైనవాడు. అద్దె బళ్ళలో బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు చేరే ట్యాంక్) ముప్పై గ్యాలన్లు అటూ ఇటూ ఉంటుంది. ఎనిమిది మంది వాడితే ఎంతసేపు నిండడానికి? నిండితే కంపు, టాయిలెట్‌లో గుడగుడ, బండిలో కూర్చోలేరు. రూల్ అలాగే ఉంచండి.

గోదారి గట్టు
మామగారూ, నిండితే ఖాళీ చేస్తారు, అందుకేగా డంప్ స్టేషన్లు (ఆ మురుగు పారబోసే చోట్లు) పెట్టింది. యెల్లోస్టోన్‌లో మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఒకటి ఉంది. ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్ దొరికితే ఇంకా నయం. యెల్లోస్టోన్ మొత్తంలో కరెంటు, నీళ్ళు, సూవర్ (మురుగు గొట్టం) మూడూ సైట్ దగ్గరే ఉన్నది అక్కడే.

కంపు వచ్చేది వాడినందుకు కాదు, నీళ్ళు పిసినారితనంగా పోసినందుకు. ఖాళీ చేసిన ప్రతిసారీ, మళ్ళీ వాడే ముందు ఒకటి రెండు గ్యాలన్ల నీళ్ళు లోపల పోసి పెట్టాలి. సూవర్ పైపు తగిలించి ఉన్నా బ్లాక్ వాల్వ్ మూసే ఉంచాలి. తెరిచి వదిలేస్తే నీళ్ళు జారిపోయి గట్టిది అడుగున గుట్టగా పేరుకుంటుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ చేయలేరు.

సీట్‌బెల్ట్ సుబ్బు
ఎనిమిది మంది అన్నారు. సీట్‌బెల్టులు ఎన్ని ఉన్నాయి?

మిడ్‌వెస్ట్ మామ
గట్టుగారూ, మీది సొంత బండి. అద్దె బండిలో ట్యాంక్ ఎంత నిండిందో చెప్పే లైట్లే అబద్ధం. మేము తీసుకున్నదాంట్లో ఖాళీ చేసి వచ్చిన పది నిమిషాలకు కూడా మూడింట రెండు వంతులు అనే చూపించింది. దేన్ని నమ్మి వాడమంటారు?

గోదారి గట్టు
లోపలి సెన్సర్‌కి పేపర్ ముక్క అంటుకుంటే అలాగే చూపిస్తుంది, సొంత బండైనా అంతే. లైటుని నమ్మకండి, రోజులు లెక్కపెట్టుకోండి. ఎనిమిది మందికి రోజు విడిచి రోజు ఖాళీ చేస్తే టెన్షన్ ఉండదు.

ప్లానో పద్మజ
ఒక మాట. మన ఇళ్ళలో చాలామంది నీళ్ళే వాడతారు, పేపర్ తక్కువ. బ్లాక్ ట్యాంక్‌కి అది మంచిదే, జామ్ కాదు. తిప్పలు ఫ్రెష్ వాటర్ ట్యాంక్‌తో. పెద్దవాళ్ళు చెంబు అడుగుతారు, పంపు ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, సాయంత్రానికి అంట్లకు నీళ్ళుండవు. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

అట్లాంటా అబ్బాయి
ట్యాంక్‌లో ఐసు ముక్కలు వేసి బండి నడిపితే లోపల గోడలు తోముకుంటాయట కదా?

గోదారి గట్టు
ఉత్తమాట. నీళ్ళలో తేలే ఐసు గోడలకేం తోముతుంది?

అట్లాంటా అబ్బాయి
నేను చేశాను, పనిచేసింది.

గోదారి గట్టు
పనిచేసింది ఐసు కాదు, దాంతో పాటు పోసిన నీళ్ళు.

మిడ్‌వెస్ట్ మామ
ఐసు సంగతి వదిలేయండి. అసలు జరిగింది చెప్తా. కొన్నేళ్ళ కింద నాలుగు కుటుంబాలం కలిసి స్మోకీ మౌంటెన్స్ వెళ్ళాం. ఖర్చు సమానంగా పంచుకున్నాం. బాత్రూమ్ అందరూ వాడారు. ఎవరో పిల్లకి వాడిన వైప్స్ కూడా అందులోనే వేశారు. పైన ఫ్లషబుల్ అని రాసి ఉందట! డంప్ స్టేషన్‌లో వాల్వ్ లాగితే చెంబెడు నీళ్ళు కారి ఆగిపోయింది. వెనకాల మూడు బళ్ళు లైన్‌లో. నేను ఒక్కణ్ణే గ్లవ్స్ తొడుక్కుని మోకాళ్ళ మీద కూర్చున్నా. మిగతా ముగ్గురు మగాళ్ళు? ఒకడికి ఫోన్ వచ్చింది, ఒకడు పిల్లల్ని ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్ళాడు, మూడోవాడు దూరం నుంచి వీడియో తీసి గ్రూప్‌లో పెట్టాడు. బండి తిరిగిచ్చేటప్పుడు కోసిన క్లీనింగ్ ఛార్జి కూడా నా కార్డు మీదే పడింది.

ఇప్పుడు చెప్పండి వాల్వ్ శాస్త్రం.

గోదారి గట్టు
వైప్స్ ఎప్పుడూ వేయకూడదు, దాని మీద ఏం రాసి ఉన్నా సరే. పేపర్ కూడా ముందు సీసాలో నీళ్ళు పోసి అందులో వేసి కుదిపి చూడాలి, విడిపోతేనే వాడాలి. మీకు జరిగింది అన్యాయమే. కానీ అది మీ స్నేహితుల తప్పు, బాత్రూమ్ తప్పు కాదు. దానికోసం డెబ్బై ఏళ్ళ పెద్దవాళ్ళని అర్ధరాత్రి చలిలో టార్చి పట్టుకుని నడవమంటారా? అక్కడ జులైలో కూడా కొన్ని రాత్రులు గడ్డకట్టే చలి దగ్గరికి వస్తుంది. పైగా ఎలుగులు తిరిగే చోటు. ఫిషింగ్ బ్రిడ్జ్‌లో గుడ్డ టెంట్లు వేయనివ్వకపోవడానికి కారణం అదే.

మిడ్‌వెస్ట్ మామ
ఎలుగుబంట్లతో భయపెట్టకండి సార్. మాడిసన్‌లో ఫ్లష్ టాయిలెట్లు ఉన్నాయి, పక్కనే.

ప్లానో పద్మజ
పక్కనే అంటే మీ కాళ్ళకి. మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, షుగర్. అలాంటి రూలే ఉన్న ట్రిప్‌లో ఆవిడ రెండ్రోజులు సరిగ్గా తిండి మానేశారు. ఎందుకని అడిగితే "ఆకలి లేదమ్మా" అన్నారు. మూడోరోజు హోటల్ గదిలో దిగాక కడుపునిండా తిన్నారు. ఈ రూల్ పెట్టేటప్పుడు ఇంట్లో ఆడవాళ్ళని ఎవరైనా అడుగుతారా? అందరూ గ్యాస్ స్టేషన్ అంటున్నారు. గ్యాస్ స్టేషన్ బాత్రూమ్ కోసమైతే మోటర్‌హోమ్ ఎందుకు, మినీవ్యాన్ చాలదా?

చికాగో చిన్నోడు
+1. పాప్‌కార్న్ తెచ్చుకున్నా.

మిడ్‌వెస్ట్ మామ
పద్మజగారూ, రూల్ నచ్చకపోతే మీ ఆయన్ని గ్లవ్స్ తొడుక్కోమనండి.

ప్లానో పద్మజ
మా ఆయన కాదండీ, నేనే తొడుక్కుంటాను. ముందు క్యాప్ తీయకుండా వాల్వ్‌లు రెండూ మూసి ఉన్నాయో లేదో చూస్తాను, పైపు బిగించి కింద గొట్టంలోకి దింపుతాను, బ్లాక్ లాగుతాను. అది పూర్తయ్యాక గ్రే ట్యాంక్ (సింక్, స్నానం నీళ్ళది) వదులుతాను, సబ్బునీళ్ళతో పైపు కడుక్కుపోతుంది. పావుగంట పని. చేతులు కడుక్కుని వచ్చి పోపు పెడతాను. దీనికి మగాళ్ళు నలుగురు పంచాయితీ పెట్టడం ఇక్కడే చూస్తున్నా.

గోదారి గట్టు
పద్మజగారికి దండం. మామగారూ, ఒకటి సూటిగా అడుగుతా. మీ బాధ ట్యాంక్ సైజు కాదు, సెన్సర్ కాదు. ఇంకొకరిది ఎత్తిపోయడం నామోషీ, అంతే కదా? మనలో ఈ జబ్బు ఉంది. ఆ పని చేసేవాళ్ళు వేరే ఎవరో ఉంటారని పుట్టినప్పటి నుంచీ అనుకుంటాం. ఇక్కడికొచ్చి లక్షల బండి కొన్నా అది పోలేదు.

మిడ్‌వెస్ట్ మామ
నోరు అదుపులో పెట్టుకోండి. నన్ను కులం లెక్కల్లోకి లాగకండి. మా అమ్మ మంచాన పడితే ఎనిమిది నెలలు నేనే చేశా, ఎవరినీ పెట్టుకోలేదు. అమ్మది అయితే ఎత్తుతా, ఎవరు ఏమనుకున్నా సరే. నాకు నామోషీ లేదు. నేను ఎత్తుతుంటే వీడియో తీసేవాడి పిల్లలది ఎందుకు ఎత్తాలి? అదీ నా బాధ. డబ్బు సమానంగా పంచుకుంటారు, పని దగ్గరికి వచ్చేసరికి బండి ఎవడి పేరు మీద ఉంటే వాడి నెత్తిన. బాత్రూమ్ మూసేస్తే కనీసం ఆ గొడవ ఉండదని మూయమన్నా.

మోడరేటర్
ఇద్దరూ కాస్త తగ్గండి. వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. ఐసు ముక్కల చర్చకు వేరే థ్రెడ్ తెరిచాను.

సీట్‌బెల్ట్ సుబ్బు
"ఎనిమిది మంది పడుకోవచ్చు" అంటే ఎనిమిది మంది ప్రయాణించవచ్చని కాదు. బండి కదులుతున్నప్పుడు మంచం మీద పడుకోకూడదు. బెల్టులు లెక్కపెట్టారా?

గోదారి గట్టు
మామగారూ, అమ్మగారి సంగతి నాకు తెలియదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. పంచుకోని పని విషయంలో మీరన్నది నిజం. కానీ దాన్ని తేల్చుకోవాల్సింది మగాళ్ళ మధ్య. పెద్దావిడ పస్తుండి కాదు.

కొత్త క్యాంపర్ గారూ, బండి ఎవరి పేరు మీద ఉంది?

కొత్త క్యాంపర్
తోడల్లుడు గారి పేరు మీద. డిపాజిట్ కూడా ఆయనదే. పైన మామగారు రాసింది చదివాక ఆయనకి ఫోన్ చేశా. "మీ నాన్నగారి గురించి కాదయ్యా, ఆఖర్న నేనొక్కణ్ణే పైపు పట్టుకోవాల్సి వస్తుందని" అన్నారు. డంప్ చేయడం నా బాధ్యత అని, క్లీనింగ్ ఛార్జి పడితే సగం నాదని మెసేజ్ పెట్టా. బొటనవేలు గుర్తు పంపారు. రూల్ పోయిందనే అనుకుంటున్నా.

సుబ్బుగారూ, అద్దె కంపెనీని అడిగా. బెల్టులు ఏడే.

సీట్‌బెల్ట్ సుబ్బు
రెండుసార్లు అడిగా.

ప్లానో పద్మజ
అయితే ఒక చిన్న కారు కూడా తీసుకోండి. ఒకందుకు మంచిదే. మిడ్‌వే గీజర్ బేసిన్ (వేడినీటి ఊటలున్న చోటు) దగ్గర పార్కింగ్ చాలా ఇరుకు, 28 అడుగుల బండితో తిరుగుతూనే ఉంటారు. మీ అమ్మగారికి ముందు సీటు ఇవ్వండి, ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపొచ్చు. మోటర్‌హోమ్ క్యాంప్‌గ్రౌండ్‌లోనే ఉంచేయండి.

మిడ్‌వెస్ట్ మామ
ఆ కారు ఎవరు నడుపుతారో, గ్యాస్ ఎవరు కొట్టిస్తారో కూడా ఇప్పుడే మెసేజ్ పెట్టుకోండి.