అమరావతి రైల్వే లైను: 106 కిలోమీటర్లు 57 ఎలా అయ్యాయి? జవాబు ఎవరు చెప్పాలి?

పల్నాటి_ప్యాసింజర్:
2017-18లో అమరావతి కొత్త లైను మంజూరైనప్పుడు అందులో మూడు ముక్కలున్నాయి. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు ఒకటి, అమరావతి–పెదకూరపాడు లింకు ఒకటి, సత్తెనపల్లి–నరసరావుపేట లింకు ఒకటి. మొత్తం 106 కి.మీ., అంచనా దాదాపు 2,680 కోట్లు. 2024 అక్టోబరు 24న కేంద్ర కేబినెట్ ఆమోదించింది మాత్రం మొదటి ముక్క ఒక్కటే. 57 కి.మీ., 2,245 కోట్లు. మిగతా రెండూ ఏమయ్యాయి? ఎవరు పక్కన పెట్టారు, ఏ కారణం రాసి? సత్తెనపల్లి నుంచి నరసరావుపేట పాతిక కిలోమీటర్లు. ఒకటి నడికుడి లైను మీద, ఇంకొకటి గుంతకల్లు లైను మీద ఉన్నాయి కాబట్టి రైల్లో వెళ్లాలంటే ఇప్పటికీ చుట్టూ తిరగాలి. నరసరావుపేట జిల్లా కేంద్రమై కూడా ఏళ్లు గడిచాయి. దీనికి జవాబు కావాలి.

కృష్ణలంక_కుర్రాడు:
ఏడేళ్లు కాగితం మీద పడి ఉన్న లైను ఇప్పటికి కదిలింది అన్నా. రాష్ట్రం వాటా అడగకుండా ఖర్చంతా కేంద్రమే పెట్టుకుంటోంది. ఇప్పుడు లెక్కలు తవ్వడం ఎందుకు? ముందు పట్టాలు పడనివ్వండి.

అరండల్‌పేట_వాసి:
పట్టాల సంగతి తర్వాత. గుంటూరులో శంకర్ విలాస్ వంతెన కూల్చాక మూడు వంతెనల దగ్గర సాయంత్రం ఇరుక్కుంటే ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. దాని మీద ఎవరూ మాట్లాడరు.

పల్నాటి_ప్యాసింజర్:
దానికి వేరే చర్చ పెట్టండి సార్, అక్కడికీ వస్తాను.
కృష్ణలంక తమ్ముడూ, ఒక్క లెక్క చూడు. పాత అంచనాలో కిలోమీటరుకు 25 కోట్లు. ఇప్పుడు 39 కోట్లు. పని తగ్గింది, కిలోమీటరు ఖర్చు పెరిగింది. లెక్క అడగకూడదా?

మాజీ_పీడబ్ల్యూఐ:
ట్రాక్ మీద పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి ఒక మాట. కిలోమీటరు సగటు తీసి పోల్చడం సరికాదు. కృష్ణా మీద 3.2 కి.మీ. వంతెన ఉంది. పాత 106లోనూ, కొత్త 57లోనూ అదే వంతెన. పొడవు తగ్గితే వంతెన ఖర్చు తక్కువ కిలోమీటర్ల మీద పడి సగటు దానంతటదే పెరుగుతుంది. ఆపైన ఏడేళ్ల స్టీలు, సిమెంటు, భూమి ధరలు. అయినా మీరు అడిగిన మొదటి ప్రశ్న న్యాయమైనదే. మంజూరైన పనిలో ఒక భాగాన్ని పక్కన పెడితే దానికో నోట్ ఉంటుంది, దాని మీద ఎవరిదో సంతకం ఉంటుంది.

కృష్ణలంక_కుర్రాడు:
చూశారా, లెక్క తప్పని పెద్దాయనే చెప్పారు.

పల్నాటి_ప్యాసింజర్:
మొదటి ప్రశ్న న్యాయమైనదని కూడా ఆయనే చెప్పారు. అది చదవలేదా?

పరిటాల_రైతు:
మాది కంచికచర్ల మండలం. మా పత్తి చేనులో గట్టు పక్కన సర్వే రాయి ఉంది. పైన సున్నం, దాని మీద ఎర్ర రంగుతో ఒక అంకె. మొదటిసారి సర్వేకి వచ్చినప్పుడు రైలు వస్తుందన్నారు, సంతోషపడ్డాం. తర్వాత ఎవరూ రాలేదు. మా అమ్మాయి పెళ్లికి ఎకరం అమ్ముదామని బేరం కుదుర్చుకుంటే, కొనేవాళ్లు ఆ రాయి చూసి అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారు. బ్యాంకుకు పోతే ఆ సర్వే నంబరు మీద అప్పు పుట్టదన్నారు. నా భూమి పోతుందో లేదో చెప్పేవాళ్లు లేరు. 106 అయినా 57 అయినా మాకు ఒకటే. ఎప్పుడు తీసుకుంటారో, ఎంతిస్తారో, అదీ మాకు కావాల్సిన జవాబు.

మాజీ_పీడబ్ల్యూఐ:
అయ్యా, సర్వే రాయి పాతినంత మాత్రాన భూసేకరణ మొదలైనట్టు కాదు. భూమి తీసుకోవాలనుకుంటున్నామని రైల్వే చట్టం 20ఏ సెక్షన్ కింద గెజిట్‌లో నోటిఫికేషన్ రావాలి. అది వచ్చిన 30 రోజుల్లో అభ్యంతరం రాసి ఇవ్వొచ్చు. ఏడాదిలోపు, భూమి తీసుకుంటున్నామని ఖాయం చేసే 20ఈ డిక్లరేషన్ రాకపోతే ఆ నోటిఫికేషన్ చెల్లదు. అంటే భూమిని ఏళ్ల తరబడి చట్టప్రకారం పట్టి ఉంచలేరు. రాయి పేరు చెప్పి మాత్రం ఉంచగలరు, మీ విషయంలో జరిగింది అదే. మీ సర్వే నంబరు గెజిట్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. పరిహారం 2013 భూసేకరణ చట్టం లెక్కన రావాలి.

నంబూరు_సీజన్_టికెట్:
ఈ గెజిట్‌లు పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో అంటిస్తే సగం గొడవ పోతుంది.

పల్నాటి_ప్యాసింజర్:
పరిటాల అన్న బాధ, నా ప్రశ్న ఒకటే. ప్లాను మార్చినవాళ్లు మార్చామని చెప్పలేదు. నడికుడి–శ్రీకాళహస్తి చూడండి. 309 కి.మీ., 2011-12లో మంజూరు. ఖర్చు సగం రాష్ట్రానిది, భూమి రాష్ట్రమే ఉచితంగా ఇవ్వాలి. మా వైపు పిడుగురాళ్ల–శావల్యాపురం ముక్క వచ్చింది, మిగతా దాని గురించి అడిగితే రైల్వే రాష్ట్రాన్ని చూపిస్తుంది, రాష్ట్రం రైల్వేను చూపిస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు:
నా వాదనకు మీరే సాక్ష్యం ఇచ్చారు. కోటిపల్లి–నరసాపురం 2000-01 నాటిది, అందులో రాష్ట్రం వాటా పాతిక శాతం. కోనసీమ వాళ్లు ఒక తరంగా ఎదురుచూస్తున్నారు. వాటాలు పెట్టిన చోటల్లా పని నత్తనడకే. అమరావతి లైనుకు ఆ బెడద లేదు. డబ్బు పెట్టేది ఒకరే కాబట్టి బాధ్యత కూడా ఒకరిదే. అందరికంటే మీరే సంతోషించాలి.

పల్నాటి_ప్యాసింజర్:
డబ్బంతా ఢిల్లీదైతే అసెంబ్లీలో మా ఎమ్మెల్యే ఏమని అడుగుతాడు? "అది కేంద్రం పని" అంటారు. ఎంపీ పార్లమెంటులో అడిగితే నాలుగు వాక్యాల రాతపూర్వక జవాబు. రైల్వే బడ్జెట్‌ను 2017లో సాధారణ బడ్జెట్‌లో కలిపేశాక ఏ లైనుకు ఎంతో తెలుసుకోవాలంటే పింక్ బుక్, అంటే రైల్వే పనుల వారీ కేటాయింపుల పుస్తకం, వెతుక్కోవాలి. అందులో వెయ్యి రూపాయలు కేటాయించి పని బతికే ఉందని చూపించడం అలవాటే. విభజన చట్టం 13వ షెడ్యూలులో కొత్త రాజధాని నుంచి హైదరాబాద్‌కు వేగవంతమైన రైలు, రోడ్డు సౌకర్యానికి కేంద్రం చర్యలు తీసుకోవాలని ఉంది కానీ, ఎవరి డబ్బుతో, ఎప్పటిలోగా అని లేదు. అందుకే ఇన్నేళ్లు వాటాల బేరం నడిచింది. అడిగేవాళ్లు లేకపోతే మళ్లీ అదే నడుస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు:
ఇక సూటిగా మాట్లాడుకుందాం. మీకు లింకుల మీద కంటే అమరావతి మీద కోపం ఎక్కువ. రాజధాని పేరు వినపడితే చాలు, ఆడిట్, ఫైలు, లెక్క అంటూ వచ్చేస్తారు.

పల్నాటి_ప్యాసింజర్:
నోరు జాగ్రత్త తమ్ముడూ. ఆ రాజధానికి భూములిచ్చిన వాళ్లలో మా మేనమామ ఉన్నాడు.
కోపం ఉంది, ఎందుకు దాచాలి? మంజూరు కావాల్సి వచ్చినప్పుడు పెదకూరపాడు, సత్తెనపల్లి, నరసరావుపేట పేర్లు మ్యాపులో ఉన్నాయి. పల్నాడుకు కూడా లాభమని చెప్పుకున్నారు. డబ్బు వచ్చేసరికి ఆ గీతలు చెరిపేశారు. మా పిల్లలు గుంటూరు కాలేజీలకు బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూనే వస్తున్నారు. రాజధాని కట్టండి, కానీ మా ఊళ్లను చూపించి తెచ్చుకున్న పనిలో మా ఊళ్లు ఉండాలి. తీసేసినవాళ్లు మా మొహం చూసి ఎందుకు తీసేశారో చెప్పాలి.

అరండల్‌పేట_వాసి:
ఈ మాట మొదట్లోనే చెప్పి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

కృష్ణలంక_కుర్రాడు:
సరే, నేనూ చెబుతాను. అమరావతి వస్తుందని నమ్మి మా నాన్న తుళ్లూరులో అప్పు చేసి హార్డ్‌వేర్ షాపు పెట్టాడు. 2019 తర్వాత పనులు ఆగాయి. పిల్లర్ల మీద చువ్వలు తుప్పుపట్టడం రోజూ చూశాం. షాపు మూసేశాం, అప్పు ఇంకా కడుతున్నాం. అప్పుడు కూడా విచారణ, లెక్క, పారదర్శకత అనే మాటలతోనే అన్నీ ఆపారు. అందుకే ఈ లైను మీద ఎవరు ప్రశ్న వేసినా, ఆపడానికే వేస్తున్నారేమోనని నాకు గుండె దడ. నంబూరు వైపు మట్టి కనపడితేగానీ నిద్ర పట్టదు.

పల్నాటి_ప్యాసింజర్:
మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే తమ్ముడూ. కానీ ఆపినవాళ్లూ ఎవరికీ జవాబు చెప్పలేదు, మార్చినవాళ్లూ చెప్పలేదు. నేను పని ఆపమనడం లేదు. మూడు ప్రశ్నలతో ఆర్టీఐ వేస్తున్నాను.
ఒకటి, రెండు లింకులను పక్కన పెట్టిన నోట్ నకలు, తేదీతో సహా. రెండు, ఊరివారీగా 20ఏ నోటిఫికేషన్ తేదీలు, సర్వే నంబర్లు. మూడు, లింకులు లేకుండా ముందుకెళ్లడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంటూ రాసిన లేఖ ఉంటే దాని నకలు. ఎవరెవరు సంతకం పెడతారు?

మాజీ_పీడబ్ల్యూఐ:
ఉమ్మడి సంతకాలు అక్కర్లేదు. పది రూపాయల ఫీజుతో ఎవరి దరఖాస్తు వారు వేసుకోవచ్చు. రైల్వేకు ఒకటి, రాష్ట్ర ప్రభుత్వానికి ఒకటి విడివిడిగా పంపండి. కలిపి వేస్తే నెల తర్వాత "మాకు సంబంధించినది కాదు" అనే జవాబు వస్తుంది.

కృష్ణలంక_కుర్రాడు:
మొదటి రెండూ నేనూ వేస్తాను. మూడోది తీసేయండి. లైను తెచ్చినవాళ్లనే దోషులుగా నిలబెట్టే ప్రశ్న అది.

పల్నాటి_ప్యాసింజర్:
తీయను. తెచ్చినందుకు ఓటు వేశాం, వదిలేసినందుకు అడుగుతాం.

పరిటాల_రైతు:
రెండో ప్రశ్నలో మా ఊరి పేరు తప్పకుండా రాయండి. మూడోది కూడా ఉండనివ్వండి. దరఖాస్తు ఎలా రాయాలో ఇక్కడ పెడితే మా ఊళ్లో రాళ్లున్న రైతులందరి చేతా వేయిస్తాను.