చంద్రపూర్‌ల ఫ్లాట్ ఖాళీ చేసినం, పెయింటింగ్ పేరు చెప్పి డిపాజిట్ ఆపిండు, ఏం చెయ్యాలె?

ప్రశ్న (సిరొంచ): అందరికి నమస్తే. చెల్లె చదువు కోసమని చంద్రపూర్‌ల రెండేండ్లు ఫ్లాట్ కిరాయికి ఉన్నం, నెలకు 9000, డిపాజిట్ 30000. పోయిన నెల తాళాలు ఇచ్చేసినం. ఇప్పుడు ఇంటాయన గోడలు నల్లగైనయి, పెయింటింగ్‌కు 22000 పట్టుకొని మిగిలిందే ఇస్త అంటుండు. నల్లగైంది నిజమే, గని అక్కడ థర్మల్ ప్లాంటు, బొగ్గు గనులు, కిటికి తెరిస్తె పొద్దుమీకేసరికి అంతా నల్ల దుమ్మే, అమ్మ దినాం రెండుసార్లు తుడిచేది. అగ్రిమెంటు 11 నెలలది, ఒట్టి నోటరీ, మరాఠీల ఉన్నది, నాన్నకు చదవరాదు, సంతకం పెట్టేసిండు. రెండో ఏడు నోటిమాట మీదనే నడిచింది. 30000 అంటె మాకు చిన్న పైసలు కాదు.

జవాబు (చంద్రపూర్): తమ్మీ, ముందుగాల ఆ కాగితం మరాఠీ వచ్చినోళ్లతోటి చదివించు. 'అనామత్ రక్కమ్' అంటె డిపాజిట్, 'రంగరంగోటీ' అంటె పెయింటింగ్. ఖాళీ చేసేటప్పుడు రంగు ఖర్చు మీదే అని రాసి ఉంటె కొట్లాట కష్టం, ఎంత అని రాసిన్రో అంతే ఇయ్యాలె. లేకపోతె పెయింటర్ బిల్లు అడుగు, ఉత్త మాట మీద 22000 వదిలిపెట్టకు.

జవాబు (బల్లార్షా): ఇంకొకటి. మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం 1999, 55వ సెక్షన్ చూడు. 11 నెలలదైనా సరే రాతల పెట్టి రిజిస్టర్ చేపించుడు ఇంటాయన బాధ్యత. చేపియ్యకపోతె, షరతులు ఏమనుకున్నరో కిరాయిదారు చెప్పిందే నిజమనుకుంటరు, కాదని ఇంటాయననే రుజువు చెయ్యాలె. శిక్ష గూడ ఉన్నది, మూడు నెలల దాక జైలు లేకపోతె 5000 దాక జుర్మానా, రెండూ పడొచ్చు. గని ఫోన్ చేసి దీంతోటి బెదిరియ్యకు, మర్యాదగ వాట్సాప్‌ల రాయి, 15 దినాలు టైం ఇయ్యి, అప్పటికి ఇయ్యకపోతె వకీలుతోటి నోటీసు పంపియ్యి.

ప్రశ్న (సిరొంచ): అన్నా చదివించిన, రంగరంగోటీ మాటే లేదు! తాళాలు ఇచ్చిన దినం ఫోటోలు మాత్రం తియ్యలే.

జవాబు (బల్లార్షా): తాళాలు ముట్టినయని ఆయన పెట్టిన మెసేజ్ ఏదన్న ఉంటె అది చాలా పనికొస్తది, డిలీట్ చెయ్యకు. ఆఖరి కరెంటు బిల్లు, సొసైటీ మెయింటెనెన్స్ కట్టిన రసీదులు, డిపాజిట్ బ్యాంకుల వేసిన ఎంట్రీ అన్నీ ఒక్క ఫైల్‌ల పెట్టి ఇయ్యాల రాత్రే మెసేజ్ రాయి, మరాఠీల రాసుడు నేను చూస్త.