ఓఎస్ మాడ్యూల్ పెట్టాక ఓపెన్ పనిచెయ్యట్లేదు

పర్లాకిమిడి నుంచి:
విండోస్, పైథాన్ 3. ఫోల్డర్లో పట్టా కాగితాల స్కాన్లున్నాయి, పేర్లు కొన్ని ఒడియాలో, కొన్ని తెలుగులో. ఆ పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్లో రాయాలి. ఫైళ్లు, ఫోల్డర్ల పనులకి వాడే ఓఎస్ మాడ్యూల్లోవన్నీ ఒకేసారి తేవడానికి పైన ‘ఫ్రమ్ ఓఎస్ ఇంపోర్ట్ స్టార్’ పెట్టాను. లిస్ట్‌డిర్ బాగానే పేర్లిస్తోంది. ఫైల్ తెరిచే ఓపెన్ దగ్గరే టైప్‌ఎర్రర్, స్ట్రింగ్‌ని ఇంటీజర్‌గా తీసుకోలేనంటోంది. ప్యాకేజీలు దించే పిప్‌తో ఏమైనా ఎక్కించాలా అన్నా?

రాయగడ నుంచి:
పిప్ అక్కర్లేదు తమ్ముడూ, ఓఎస్ పైథాన్‌తోనే వస్తుంది. తప్పంతా ఆ స్టార్‌ది. ఓఎస్‌లోనూ ఓపెన్ అని ఒకటుంది. అది రెండో ఆర్గ్యుమెంట్‌గా రాయడానికిచ్చే ‘డబ్ల్యూ’ కాదు, అంకెల్లో ఫ్లాగ్ అడుగుతుంది. స్టార్ దాన్ని తెచ్చి మామూలు ఓపెన్ నెత్తిన కూర్చోబెట్టింది. ఉత్త ‘ఇంపోర్ట్ ఓఎస్’ రాసి, ‘ఓఎస్ డాట్ లిస్ట్‌డిర్’ అని పిలువు.

సిరొంచ నుంచి:
అది సరిచేశాక, పేర్లలోని అక్షరాలు ఫైల్లో రాయలేనంటూ యూనికోడ్‌ఎన్‌కోడ్‌ఎర్రర్ రావచ్చు. విండోస్ డిఫాల్ట్ ఎన్‌కోడింగ్‌లో మన అక్షరాలు పట్టవు. ఓపెన్‌లోనే ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వండి.

రాయగడ నుంచి:
అవును. ఇంకోటి, ఆ స్కాన్లు పెన్‌డ్రైవ్‌కి మార్చాలంటే ఓఎస్ డాట్ రీనేమ్ వాడకు, డ్రైవ్ మారితే ఎర్రరే. పైథాన్‌తోనే వచ్చే ఇంకో మాడ్యూల్ షుటిల్ ఉంది, అందులోని షుటిల్ డాట్ మూవ్ అయితే కాపీ చేసి పాతది తీసేస్తుంది. నీ స్క్రిప్టుకి మాత్రం షుటిల్ డాట్ పీవై అని పేరు పెట్టకు. పైథాన్ ముందు దాన్నే పట్టుకుని, ఇందులో మూవ్ లేదంటుంది.