అప్‌డేట్: నాన్న నడుంనొప్పి, ట్రమడాల్, గంజాయి మందు

రాయగడ నుంచి మళ్లీ రాస్తున్నాను. ట్రమడాల్ (నల్లమందు తరహా నొప్పి మాత్ర) లేనిదే నిద్రపట్టని నాన్నకు దాని బదులు గంజాయితో చేసిన మందు ఇవ్వొచ్చా అని అడిగాను కదా. సలహా ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.

విశాఖలో నొప్పి వైద్యుణ్ణి కలిశాం. ఆయన ఓపిగ్గా చెప్పారు. దీర్ఘకాలిక నొప్పికి గంజాయి మందు కొంత పనిచేస్తుందని అమెరికాలోని శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ అకాడమీస్ 2017లో అంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ నైస్ మాత్రం 2019లో ఇవ్వొద్దంది. ఇలా పెద్దవాళ్లే ఏకాభిప్రాయానికి రానప్పుడు నాన్న మీద ప్రయోగం చేయడం నాకు నచ్చలేదు.

"కొండల మీద దొరుకుతుంది, తెప్పించు" అని ఇక్కడ చాలామంది అన్నారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తుపదార్థాల నిరోధక) చట్టం కింద కిలోలోపు గంజాయి దొరికినా ఏడాది వరకు జైలు పడొచ్చు. పైగా అందులో మత్తు ఎంతుందో ఎవరికీ తెలీదు. పూత కలవని ఆకు ఆ చట్టంలోని గంజాయి నిర్వచనంలోకి రాదు. అందుకే విజయ (గంజాయికి ఆయుర్వేదంలో పేరు) ఆకుతో చేసే ఆయుర్వేద మందులు లైసెన్సుతో, డాక్టరు చీటీ మీద దొరుకుతున్నాయి. కానీ ట్రమడాల్‌తో కలిపితే మగత పెరిగి, పడిపోయే ప్రమాదం ఉందట. నాన్నకు అసలే కాళ్లు తూలుతాయి.

ట్రమడాల్ ఒక్కసారిగా మానకూడదని, మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నారు. ఫిజియోథెరపీ మొదలుపెట్టాం. నొప్పి పోలేదు. మలబద్ధకం మాత్రం తగ్గింది, సాయంత్రాలు వీధి చివరిదాకా నడుస్తున్నారు. విజయ మాత్రల సంగతి ట్రమడాల్ మోతాదు బాగా తగ్గాకే మాట్లాడదామన్నారు డాక్టరు గారు.