సూడాన్ నుంచి వచ్చి రెండేళ్లు దాటింది, మావాడి జడుపు పోలేదు

కడప అమ్మ:

అందరికీ నమస్కారం. రాద్దామా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడి రాస్తున్నా. మాది కడప. మా ఆయన ఖార్టూమ్‌లో ఒక కంపెనీలో ఎలక్ట్రీషియన్‌గా చేసేవారు. 2022లో నేనూ పిల్లోడూ కూడా వెళ్లాం. 2023 ఏప్రిల్ 15 పొద్దున అక్కడి సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే ఇంకో సాయుధ దళం వాళ్లకూ కాల్పులు మొదలైనప్పుడు వాడికి మూడున్నరేళ్లు. పాలలో బిస్కెట్ ముంచుకుని తింటున్నాడు. మొదటి చప్పుడుకు అది పాలలో పడిపోయింది. ఏడ్చాడు. చప్పుడుకు కాదు, బిస్కెట్‌కు.

తొమ్మిది రోజులు ఫ్లాట్‌లోనే ఉన్నాం. కిటికీలు లేవని బాత్రూమ్ ముందున్న సందులో పరుపు వేసుకున్నాం. ముందు కరెంటు పోయింది, తర్వాత నీళ్లు. బకెట్లో మిగిలిన నీళ్లు గ్లాసుతో కొలిచి ఇచ్చేదాన్ని. ఇంకొంచెం కావాలంటే "అయిపోతాయి నాన్నా" అనేదాన్ని. ఆ తర్వాత బస్సులో పోర్ట్ సూడాన్, అక్కడి నుంచి మన నేవీ ఓడలో జెడ్డా, జెడ్డా నుంచి విమానం. ఆపరేషన్ కావేరి అని మీరు పేపర్లో చదివే ఉంటారు. దారిలో ఒక చెక్‌పోస్టు దగ్గర తుపాకీ పట్టుకున్న కుర్రాడు, ఇంకా మీసం కూడా సరిగా రాలేదు, మా ఆయన ఫోన్ లాక్కుని తిరిగి ఇవ్వలేదు. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. పిల్లోడు కిటికీలోంచి చూశాడు.

ఇప్పుడు వాడు ఒకటో తరగతి. బాగా చదువుతాడు కాబట్టి ఇంట్లో అందరికీ వాడు బాగున్నట్టే. కానీ రాత్రి స్టీలు సీసా నిండా నీళ్లు పట్టి దిండు పక్కన పెట్టుకోనిదే పడుకోడు. మంచం మీద పడుకోబెడితే నడిరేయి లేచి చాప ఈడ్చుకుని నడవాలోకి వస్తాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. ఆట ఒక్కటే. బొమ్మ బస్సులు వరసగా పెట్టి, ఒక్కోదాన్ని కుర్చీ దగ్గర ఆపి "ఫోన్ ఇయ్యి" అంటాడు. గంటసేపు అదే. ఒక్కసారి కూడా నవ్వడు.

మొన్న ఎర్రగుంట్ల దగ్గర మా అమ్మవాళ్ల ఊరికి పోయాం. అక్కడ మధ్యాహ్నం సున్నపురాయి గనిలో సైరన్ వేసి బ్లాస్టింగ్ చేస్తారు. మేం పుట్టినప్పటి నుంచి వింటున్న చప్పుడే. వీడు అన్నం పళ్లెం వదిలేసి బాత్రూమ్‌లో దూరి గడియ పెట్టుకున్నాడు. ముప్పావు గంట తీయలేదు. తలుపు కింది సందులోంచి వాడి కాలివేళ్లు కనిపిస్తూనే ఉన్నాయి.

మా అత్త పెద్ద దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. మా ఆయనేమో "చిన్నపిల్లోడు, మర్చిపోతాడు, నువ్వే గుర్తు చేస్తున్నావు" అంటారు. సూడాన్ మాట ఎత్తితే చెప్పులేసుకుని బయటికి పోతారు. నేను అడిగేది ఒకటే. నిజంగా మర్చిపోతారా?

రాయచోటి రమణి:

తాయెత్తు ఉండనీ అక్కా, దానితో పోయేదేం లేదు. కానీ డాక్టరుకు కూడా చూపించు.

రాజంపేట పాతకాపు:

మర్చిపోరు చెల్లెమ్మా. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నాకు ఆరేళ్లు. మా నాయన అక్కడ డ్రైవరు. ఇరాక్ మీదుగా బస్సులో జోర్డాన్ సరిహద్దు, అక్కడ ఎడారిలో గుడారాలు, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయి. రెండు నెలల్లో సుమారు లక్షా డెబ్బై వేల మందిని అట్లా తెచ్చారని పెద్దయ్యాక చదివా. మన రాజంపేట వైపు ఆ కథ లేని వీధి ఉండదు.

నాకు ట్యాంకులు గుర్తులేవు. గుడారంలో మా అమ్మ కొంగున కట్టి దాచిన రొట్టె ముక్క గుర్తుంది, నమిలితే ఇసుక కరకరలాడేది. బస్సులో మా నాయన అటు తిరిగి ఏడవడం గుర్తుంది. దాని గురించి ఆయన్ను ఎప్పుడూ అడగలేదు. ఆయన పోయి ఐదేళ్లయింది.

ఊరొచ్చాక అందరూ "ప్రాణాలతో వచ్చారు, అదే చాలు" అన్నారు, అంతే. నేను పన్నెండేళ్ల దాకా పక్క తడిపా. దానికి దెబ్బలు కూడా తిన్నా. దానికీ దీనికీ ముడి ఉందేమోనని మా ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. ఇప్పటికీ ఊరు కదిలితే నా సంచిలో రస్కుల పొట్లం ఉండాల్సిందే. మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

మీ ఆయన మీద కోపం పెట్టుకోవద్దమ్మా. ఆయన లోపలా ఉంది ఆ జడుపు.

అనంతపురం కౌన్సెలర్:

పిల్లలతో పనిచేస్తాను కాబట్టి రాస్తున్నా. చూడకుండా దీనికి పేరు పెట్టను, కానీ చూపించాల్సిన విషయమే. చిన్నపిల్లలు జరిగింది పెద్దవాళ్లలా కూర్చుని చెప్పలేరు. ఆటలో, నిద్రలో, పక్క తడపడంలో చెబుతారు. అందుకే 2013 నుంచి ఆరేళ్లు, అంతకంటే చిన్నవాళ్లకు పీటీఎస్‌డీ, అంటే ఘోరం చూశాక మనసును వదలని జబ్బు, గుర్తించడానికి వేరే కొలతలు పెట్టారు. జరిగినదాన్నే ఆటగా మళ్లీ మళ్లీ ఆడటం కూడా వాటిలో చూస్తారు. నెల దాటితే ఊరుకోకూడదంటారు. మీకు రెండేళ్లు దాటింది.

నీళ్ల సీసా లాక్కోకండి. వాడిని కూర్చోబెట్టి "ఆ రోజు ఏం జరిగిందో చెప్పు" అని తవ్వకండి. వాడంతట వాడు ఎత్తితే మాత్రం నోరు మూయించకండి. మళ్లీ ఊరికి పోయినప్పుడు బ్లాస్టింగ్ ఎప్పుడో కనుక్కుని, "సైరన్ మోగుతుంది, తర్వాత ఢామ్మంటుంది, తర్వాత మనం అన్నం తింటాం" అని ముందే చెప్పండి.

రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతున్నప్పుడు పిల్లల మనసుల మీద పనిచేసిన అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగ్‌హమ్ అక్కడ పిల్లల శరణాలయాలు నడిపారు. చాలామంది చిన్నపిల్లలకు బాంబుల కంటే అమ్మ నుంచి విడిపోవడమే పెద్ద దెబ్బ అని వాళ్లు చూశారు. ఆ సందులో పరుపు మీద మీరిద్దరూ వాడి పక్కనే ఉన్నారు. అది చిన్న విషయం కాదు.

ఇంకోమాట. ప్రపంచంలో ప్రతి ఆరుగురు పిల్లల్లో ఒకరికి మించి, అంటే 47 కోట్లకు పైగా, యుద్ధం ఉన్న ప్రాంతాల్లో బతుకుతున్నారని 2024 చివర్లో యునిసెఫ్ చెప్పింది. మీవాడికి ఇప్పుడది ఉత్త చప్పుడే, భయపడనక్కర్లేదని మెల్లగా నేర్పొచ్చు. ఇంకా యుద్ధం నడుస్తున్న చోట చిక్కుకున్న పిల్లోడికి అట్లా నేర్పితే ప్రాణం మీదికొస్తుంది. చప్పుడుకు దాక్కోవడమే అక్కడ తెలివి. అక్కడ పనిచేసేవాళ్ల తలనొప్పి అదే.

14416 టెలిమానస్, మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. బెంగళూరులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో పిల్లలకు వేరే విభాగం ఉంది.

కర్నూలు గట్టోడు:

ఊరి పేరు రాయను. మా చిన్నప్పుడు ఊళ్లో రెండు వర్గాలు, నాటుబాంబులు. చప్పుడైతే మా జేజి పిల్లలందర్నీ గాదె వెనక్కి తోసి ముందు తాను కూర్చునేది. పెళ్లిలో టపాకాయలు పేలినా ఊరంతా ఒక్క క్షణం ఆగేది, తర్వాత నవ్వుకునేవాళ్లు. మాకే డాక్టరూ లేడు, బాగానే ఉన్నాం అంటాం. మా అన్నకు యాభై దాటినాయి. హోటల్‌కు పోతే ఇప్పటికీ గోడకు వీపు ఆనించి, తలుపు కనపడేటట్టే కూర్చుంటాడు. సీటు దొరక్కపోతే తినకుండా వచ్చేస్తాడు. చూపించమ్మా పిల్లోణ్ని.

కడప అమ్మ:

అందరికీ దండాలు. 14416కు చేశాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు, నిమ్హాన్స్‌కు తీసుకుపొమ్మన్నారు.

రాజంపేట అన్నా, మీరు రాసింది మా ఆయనకు చదివి వినిపించే ధైర్యం లేక, ఫోన్ తెరిచి సోఫా మీద పెట్టి వంటింట్లోకి పోయా. ఆయన ఏమీ అనలేదు. ఆదివారం పిల్లోడు బస్సులు పెట్టుకున్నప్పుడు మాత్రం వెళ్లి కింద కూర్చున్నారు. వాడు కాసేపు ఆయన్ను పట్టించుకోలేదు. తర్వాత చెయ్యి చాపి "ఫోన్ ఇయ్యి" అన్నాడు. ఈయన జేబులోంచి తీసి నిజం ఫోనే ఇచ్చారు. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు బస్సులు సర్దుకుంటూ కూర్చున్నాడు. చివరికి తిరిగి ఇచ్చేసి "పో, పో" అన్నాడు. ఈయన మొహం కడుక్కుని వస్తానని లేచారు.

సీసా ఇంకా దిండు పక్కనే ఉంది. నడవాలోనే పడుకుంటున్నాడు, పక్కన ఆయన కూడా చాప వేసుకున్నారు.

వచ్చే వారం బెంగళూరు పోతున్నాం. నిమ్హాన్స్‌లో పిల్లల ఓపీకి పొద్దున ఎన్నింటికల్లా ఉండాలి? కడప నుంచి రాత్రి బస్సెక్కితే అందుకుంటామా? ఈమధ్య పోయినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.